మేడ కప్పు మీద పెళ్ళికూతురు

నా పుస్తకం పట్టుకెళ్ళినావిడ తిరిగి ఇవ్వలేదు. "సోమవారం తెచ్చిస్తానండీ" అంది. ఆ సోమవారం ఇంతవరకూ రాలేదు. ఈ మధ్యలో బందరు రైలుకి బొగ్గింజను పోయి డీజిలు వచ్చింది, డీజిలు పోయి కరెంటు వచ్చింది. నాకు జుట్టు పోయింది, పళ్ళు పోయి కట్టుడు పళ్ళు వచ్చాయి, రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాను. అన్నీ వాటి వాటి వేళకి వచ్చాయి, పోయాయి. ఆ సోమవారం ఒక్కటే రాలేదు. ఇది అన్యాయం. ముందు ఈ మాట అనేసి, తరవాత మిగతా సంగతులు చెప్తాను. పరిచయాలూ వర్ణనలూ అన్నీ అయ్యాక, ఆఖర్న మెల్లిగా అసలు సంగతి బయటపెట్టే పద్ధతి ఒకటి ఉందంటారు. అది బాగా చదువుకున్నవాళ్ళ పద్ధతి. నేను ఎనిమిదో క్లాసుతో బడి ఎగ్గొట్టినవాణ్ణి.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, గుర్తు రావడమేమిటి, మర్చిపోతే గదా. కాకపోతే పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఫోను చేసింది. అవనిగడ్డ బ్యాంకులో ఉద్యోగం ఆ పిల్లకి. చర్చి నుంచి వస్తూ దారిలోనే చేసింది.

"తాతయ్యా, ఇక్కడ చర్చిలో ఒక మామ్మగారు సండే స్కూలు పిల్లలకి నీ దొర కథ చెప్తున్నారు."

"నా దొర ఎవరే?"

"అదే తాతయ్యా, ఇంట్లో గడియారాలన్నీ తలో టైమూ చూపిస్తాయే, ఆ దొర. చెల్లెలు వసారాలో సైకిలు తొక్కుద్ది. అచ్చం నువ్వు చెప్పినట్టే చెప్తున్నారు. చివరేమైందండీ అని పిల్లలడిగితే మాత్రం, వచ్చే వారం అంటున్నారంట. ప్రతి వారం అంతేనంట."

అన్నంలో కలిపిన పప్పుచారు కలిపినట్టే ఉండిపోయింది. ఆ దొర నావాడు. ఈ జిల్లా మొత్తం మీద ఆ దొర సంగతి తెలిసినవాళ్ళు నేనూ, నా నోట విన్నవాళ్ళూ తప్ప ఇంకొకళ్ళు లేరు. విన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేనేలేరు. పైగా ఈ వాయిదాలు వేసే అలవాటు నాకు బాగా తెలిసిన అలవాటు. ఆ మామ్మగారెవరో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

మా నాన్న బందరులో మిషను బంగళాకి వంటమనిషి. అక్కడుండే దొరసానమ్మ చాలా పొడుగు మనిషి. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆరాధనలో ఎవరికైనా దగ్గొస్తే, ఆవిడ తల తిప్పి ఒక్క చూపు చూసేసరికి దగ్గు దానంతటదే ఆగిపోయేది. ఆవిడ తన దేశానికి శాశ్వతంగా వెళ్ళిపోతూ మా నాన్నకి ఒక గొడుగు, ఒక రెయిన్‌కోటు, వంటింటి సామాను ఉన్న చెక్కపెట్టె ఒకటి ఇచ్చి వెళ్ళింది. పెట్టె అడుగున లేసు గుడ్డల కింద ఈ పుస్తకం ఉంది. అట్ట లేదు. మొదటి పేజీలు చెదలు తినేశాయి. అందుకని దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఈనాటికీ తెలీదు. మా మనవరాలు "పేరు చెప్పు తాతయ్యా, ఫోన్లో క్షణంలో పట్టేస్తాను" అంటుంది. పేరు చెదపురుగు పొట్టలో ఉందమ్మా, ఫోన్లో లేదు. ఆ పుస్తకం చివర కొన్ని పుటలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. అప్పట్లో ఆ దేశపు పుస్తకాలు కొన్ని అలా మడత కొయ్యకుండానే వచ్చేవి, చదివేవాళ్ళే కత్తి పెట్టి కోసుకోవాలి. అంటే దొరసానమ్మ గదిలో తలుపేసుకుని అంత నవ్వుల పుస్తకమూ అక్కడిదాకా చదివి, చివర్న ఆగిపోయిందన్నమాట. ఎందుకు ఆగిందో ఆవిడకీ దేవుడికీ తెలియాలి.

నాకు ఇంగ్లీషు ఎలా వచ్చిందంటారా, అద్దంలో వచ్చింది. గుడివాడలో ఒక ప్రింటింగు ప్రెస్సులో కంపోజిటరుగా చేరాను. సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి. వాటిని గళ్ళపెట్టెలోంచి ఏరి వరసగా పేర్చడం నా పని. ఇంగ్లీషు అక్షరాలు నాకు ముందు తిరగేసే వచ్చాయి, తరవాతే మంచిగా వచ్చాయి. ప్రెస్సు యజమాని ఎందుకో కరుణించి ఒక పాత నిఘంటువు ఇచ్చాడు. అది ముందు పెట్టుకుని, ఈ పుస్తకం రోజూ సాయంత్రం ఒక అధ్యాయం చదివేవాణ్ణి. అధ్యాయం పెద్దదైతే సగం. ఎంత ఆశ పుట్టినా ముందుకు తిప్పి చూసేవాణ్ణి కాదు.

మేం ఉండేది చిలకలపూడిలో. పొద్దున్న పాసింజరెక్కితే గుడివాడలో దిగడం. రోజూ వెళ్ళేవాళ్ళకి ఆ రైల్లో సీట్లు రాసిచ్చినట్టే ఉండేవి. కిటికీ పక్కన లెక్కల మాస్టారు. ఆయనెదురుగా నేను. తలుపు దగ్గర నేల మీద ఎండుచేపల గంపతో పెద్దమ్మ. నాకు చుట్టమేమీ కాదు, సముద్రం ఒడ్డు పల్లె మనిషి, రైలుపెట్టె మొత్తానికీ పెద్దమ్మే. పెడనలో టీచరుగారు ఎక్కేవారు. గుడివాడలో మిషను బళ్ళో చిన్నక్లాసులకి చెప్పేవారు. ఇస్త్రీ చీర నలక్కుండా ఒదిగి కూర్చునేవారు, ఎండుచేపల పక్కన కూర్చోవాల్సి వచ్చినా మొహం చిట్లించేవారు కారు. వీళ్ళు కాక అటూ ఇటూ నిలబడి చెవులిటు పడేసేవాళ్ళు బోలెడుమంది.

ఒకరోజు ముందు సాయంత్రం చదివింది గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే పెద్దమ్మ చూసింది. "ఏంట్రా అబ్బాయ్, తెల్లారకుండానే నవ్వులు? పిల్లేమన్నా సైగ చేసిందా?" అంది. పెట్టెంతా నవ్వారు. పరువు నిలబెట్టుకోవడానికి ఉన్నమాట చెప్పాల్సొచ్చింది. అలా మొదలైంది కథ.

ఆ పుస్తకంలో ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో పెద్ద మేడ. అందులో ఒక దొరగారు. ఆయన భోజనానికి ఎప్పుడూ వేళకి రాడు. ఆలస్యమైందని ఎవరూ అనకుండా, ఇంట్లో గడియారాలన్నీ తలో టైముకి తిప్పి పెట్టించాడు. ఎవరన్నా అడిగితే తనకి అనువైన గడియారం దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాడు. ఆయన తల్లి పైఅంతస్తులో ఉంటుంది. తోటలో తనకిష్టమైన చెట్టు కొట్టించాడని కొడుకుతో మాట్లాడ్డం మానేసింది. తిట్లు మాత్రం మానలేదు. కాగితం మీద రాసి, బుట్టలో పెట్టి, గంట వాయించి, తాడుతో కిందికి దింపుతుంది. దొరగారి చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడని ఇంట్లో వసారాల్లోనే సైకిలు తొక్కుతుంది, మలుపు మలుపుకీ బెల్లు కొడుతుంది. ఇక దొరగారికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి కోపమొస్తే మేడ కప్పెక్కి కూర్చుంటుంది, ఎక్కిన నిచ్చెన పైకి లాగేసుకుంటుంది. కోపం చల్లారితే తప్ప దించదు.

ఇది నేను చెప్తుంటే పెట్టెలోవాళ్ళు ఊరుకుని వింటారనుకున్నారా? "గడియారాలు నమ్మడానికి లేకపోతే పాలేళ్ళు పనిలోకి ఎప్పుడొస్తారోయ్?" అని లెక్కల మాస్టారు. "తిట్లకి బుట్టెందుకురా? మా అత్త నోటితోనే పంపేది, సముద్రంలో ఉన్నోళ్ళకి కూడా వినపడేది" అని పెద్దమ్మ. ఆ మేడ కప్పు మన పెంకుటిళ్ళకి మల్లే ఏటవాలుగా ఉంటుందని చెప్తే, "జారిపడదూ పిల్ల!" అని గుండె పట్టుకుంది. ఆ ముసలి తల్లి చేతులకి మేజోళ్ళలాంటివి తొడుక్కుని భోంచేస్తుందని చెప్పినప్పుడు, "చేపముల్లు ఎలా తీసుకుంటది?" అని అడిగింది. నాకేం తెలుసు? టీచరుగారు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా, చప్పుడు లేకుండా నవ్వేవారు. ఒక్కోసారి గుడివాడ వచ్చేసినా అధ్యాయం అయ్యేది కాదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి మిగతాది విని వెళ్ళేవాళ్ళు. టీచరుగారికి బళ్ళో ప్రార్థన బెల్లు కొట్టేసేవారు, నాకు యజమాని అక్షింతలు వేసేవాడు. అయినా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. నా జీవితంలో ఒకళ్ళు నా మాట కోసం ఆగడం అదే మొదలు. ఆ రుచి మీకు చెప్పినా తెలీదు.

కథలో ప్రేమ వచ్చింది. దొరగారమ్మాయికి ఇద్దరు. ఒకడు, ఆ ఊరి చర్చిలో పెద్ద వాద్యం, మన హార్మోనియానికి తాత లాంటిది, దాన్ని బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు. దాని పొడుగాటి గొట్టాలు అందడానికి నిచ్చెన ఒకటి వెంటేసుకు తిరుగుతాడు. ఆస్తి లేదు, చెవి మాత్రం గొప్పది. దొరగారి గడియారాల టిక్కుటిక్కులు కలిసి చెడ్డ తాళం వేస్తున్నాయని మొహం మీదే చెప్పేశాడు. రెండోవాడు ఆ ఇంట్లోనే పెరిగిన చుట్టాల కుర్రాడు. ఆపిలుతోటల మీద అజమాయిషీ అతనిదే. అతనికీ ఒక నిచ్చెన ఉంది, కాయలు కోసేది. అతనూ ఆ పిల్లా ఎప్పుడూ పోట్లాడుకుంటూనే ఉంటారు, ఒకళ్ళు కనపడకపోతే ఒకళ్ళు వెతుక్కుంటూనే ఉంటారు. ఆ కుర్రాడు దొరగారికి ఏమవుతాడో రాసిన పేజీలు చెదలు తిన్నవాటిలో పోయాయి. పోతేనేం? ఇంట్లో పెరిగాడు, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, మేనల్లుడు కాక ఇంకేమవుతాడు? ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవడానికేముంది? చనిపోయిన అక్కగారి కొడుకని చెప్పేశాను. బావామరదళ్ళని చెప్పేశాను. పెట్టెలో ఒక్కరు కూడా అనుమానపడలేదు. మాస్టారు సహా అందరూ బావ పక్షమే. "ఇంట్లో మేనరికం పెట్టుకుని ఆ హార్మోనియం వాడెందుకయ్యా" అన్నారు. పెద్దమ్మయితే ఆ పెళ్ళయితే మోపిదేవి వచ్చి పుట్టలో పాలు పోస్తానని సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది కూడా.

అలా ఉండగా ఒక శుక్రవారం కొంప మునిగింది. ముందు సాయంత్రం చదివిన అధ్యాయంలో, ముసలి తల్లి బుట్టలో తిట్ల కాగితానికి బదులు ఒక ఫొటో దింపింది. ఇద్దరు కొడుకుల చిన్నప్పటి ఫొటో. ఒకడు దొరగారు. రెండోవాడు ఆయన తమ్ముడు, ఎప్పుడో పోయాడు. ఈ ఆపిలుతోటల కుర్రాడు ఆ తమ్ముడి కొడుకు. నిఘంటువు ఎన్నిసార్లు తిరగేసినా తమ్ముడు తమ్ముడే అయ్యాడు. దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆగాగు" అంది పెద్దమ్మ. "తమ్ముడి కొడుకంటే, ఆళ్ళు అన్నాచెల్లెళ్ళు గదరా?"

"మన లెక్కన అంతే మరి."

"ఛీ ఛీ! అన్నాచెల్లెళ్ళ పెళ్ళికి నాచేత మొక్కు మొక్కించావేంట్రా! సామి నన్నేమనుకుంటాడు?"

"వాళ్ళ దేశంలో చేసుకుంటారు పెద్దమ్మా" అన్నాను.

"ఆళ్ళ దేశంలో ఏం చేసుకుంటే నాకేంటి? బందరు పాసింజర్లో కుదరదు."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. "ఏమోయ్, ఇంతకాలం మేం ఎవర్ని అల్లుడనుకున్నామో వాడు కొడుకని ఇప్పుడు చెప్తున్నావు. లెక్క మొదట్లోనే తప్పితే చివరికి ఏం తేలుతుంది? రేపటి నుంచి ఆ హార్మోనియం వాడికిచ్చి చేసెయ్యి. బీదవాడైతే అయ్యాడు."

"పుస్తకంలో ఎలా ఉంటే అలా చెప్తాను గానీ, నేనెవరికీ ఇచ్చి చెయ్యనండీ."

"అయితే నీ పుస్తకం నువ్వే చదువుకో."

గుడ్లవల్లేరు దాటేదాకా ఇదే రభస. అవతలి పెట్టెలోంచి కూడా మనుషులొచ్చి ఒకళ్ళు అటూ ఒకళ్ళు ఇటూ చేరారు. అప్పుడు టీచరుగారు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, "అందరూ ఎవరికివ్వాలో చెప్తున్నారు గానీ, ఆ అమ్మాయికి ఎవరిష్టమో ఎవరూ అడగట్లేదేంటండీ?" అన్నారు. మాస్టారు కిటికీలోంచి చేలు చూడ్డం మొదలుపెట్టారు. "అది చివర్న రాసే ఉంటాడులేమ్మా" అన్నారు.

మర్నాడు శనివారం. అలిగినవాళ్ళంతా అలుగుతూనే నా చుట్టూ చేరారు. కథలో పెళ్ళిరోజు. చర్చిలో జనం. దొరగారు ఏ గడియారం నమ్మాలో తెలీక తిరుగుతున్నాడు. పెళ్ళికూతురు తెల్లబట్టలతో మేడ కప్పెక్కి కూర్చుంది, నిచ్చెన పైకి లాగేసుకుంది. ఎవరితో పెళ్ళో ఇంట్లో తలొకరూ తలోమాట అనుకుంటున్నారు గానీ, ఆ పిల్లతో ఎవరూ అనలేదట. కింద ఇద్దరు కుర్రాళ్ళూ తమ తమ నిచ్చెనలు గోడకి ఆనించి నిలబడ్డారు, ఒకటి తూర్పున, ఒకటి పడమట. సైకిలు మేనత్త తోటంతా తిరుగుతూ బెల్లు కొడుతోంది. పెళ్ళికూతురు లేచింది. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుంది. ఒక కాలు కిందికి చాపింది. ఏ నిచ్చెన మీదికో రాయలేదు. పేజీ అయిపోయింది. తరవాతవన్నీ అతుక్కున్న పుటలే.

"కొయ్యరా మరి!" అని పెద్దమ్మ. ప్రెస్సులో సన్నకత్తి ఉంది, అక్కడ కోసి రాత్రికి చదివి సోమవారం చెప్తానన్నాను. గుడివాడలో అందరూ దిగాక టీచరుగారు ప్లాట్‌ఫారం మీద ఆగారు.

"ఈ ఆదివారం నన్ను చూడనివ్వండి. సోమవారం తెచ్చిస్తానండీ. మీకంటే జాగ్రత్తగా కోస్తాను."

ఇచ్చాను. ఎందుకిచ్చావని తరవాత చాలామంది అడిగారు. అడిగింది, ఇచ్చాను. ఇంకొకళ్ళు అడిగితే ఇచ్చేవాణ్ణా అంటే, ఆ ప్రశ్న మా ఆవిడ కూడా వేసింది. దానికీ జవాబు చెప్పలేదు.

సోమవారం పెడనలో టీచరుగారు ఎక్కలేదు. మంగళవారమూ లేదు. ఆ వారంలోనే ఒక పెద్దమనిషి, తెల్లపంచె, చేతిలో గొడుగు, ప్రెస్సుకి వచ్చి శుభలేఖలు వేయించాలన్నాడు. పెడన నుంచని చెప్పాడు.

"పేర్లలో అక్షరం పోకూడదబ్బాయ్. మా అమ్మాయి టీచరు. కార్డు చేతికివ్వగానే ముందు తప్పులే వెతుకుద్ది."

"ఏ ఊరిస్తున్నారండీ?"

"మోపిదేవి అవతల. బయటివాళ్ళేం కాదు, మా చెల్లెలి కొడుకే. పిల్ల పుట్టినప్పుడే అనుకున్న మాట. మొన్న శనివారం సాయంత్రం మావాళ్ళొచ్చి ఖాయం చేసుకున్నారు."

"మరి ఉద్యోగమండీ?"

"ఆ దివిసీమలోంచి గుడివాడ దాకా రోజూ ఎవరు తిరుగుతారయ్యా? అక్కడే ఏదో స్కూల్లో చూస్తామన్నారు."

అయ్యా, మీ అమ్మాయి దగ్గర నా పుస్తకం ఉంది అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. పెళ్ళి కుదిరిన పిల్ల ట్రంకుపెట్టెలో ప్రెస్సు కుర్రాడి పుస్తకం ఉందంటే, అది ఇంగ్లీషు దొర కథండీ, గడియారాలండీ, సైకిలండీ అని నేనెంత చెప్పినా ఎవరు వింటారు? మింగేశాను. ఆ శుభలేఖ నేనే పేర్చాను, పైన బైబిలు వచనం, కింద ఆహ్వానం, పెళ్ళికూతురు పేరుతో సహా. అందులో ఒక్క తప్పు లేదు. కావాలంటే ఇప్పటికైనా తీసి చూసుకోవచ్చు.

పెట్టెలో సంగతి చెప్తే పెద్దమ్మ, "పెళ్ళికూతుర్ని పెళ్ళికూతురే ఎత్తుకుపోయిందన్నమాట" అంది. చివర నన్నే కల్పించి చెప్పమన్నారు. నేను కల్పించనన్నాను. మాస్టారు తన సొంత ముగింపు ఒకటి చెప్పారు, అందులో ఆ పిల్ల టీచరు ట్రైనింగుకి వెళ్తుంది. ఎవరూ ఒప్పుకోలేదు. నేను వేరే కథలేవో ఎత్తుకున్నాను గానీ రుచించలేదు. నాలుగు రోజులు విని ఎవరి పేపరు వాళ్ళు తీసుకున్నారు. నా మాట కోసం ప్లాట్‌ఫారం మీద ఎవరూ నిలబడ్డం లేదు. అదండీ ఆవిడ పట్టుకెళ్ళింది. పుస్తకం ఒక్కటే కాదు.

ఆ తరవాత కొన్నేళ్ళకి ఉప్పెన వచ్చింది. దివిసీమ సంగతి నేను చెప్పక్కర్లేదు, చెప్పలేను కూడా. పెద్దమ్మ చుట్టాల కోసం అటు వెళ్తుంటే, మోపిదేవి అవతల టీచరుగారి ఊరు కనుక్కోమన్నాను. పుస్తకం ఉందేమో అడగమన్నాను. పుస్తకం వంకతో మనిషి సంగతి అడిగానని పెద్దమ్మకి తెలీకపోలేదు. తిరిగొచ్చాక తలుపు దగ్గర తన చోట గంప దించి కూర్చుంది. "మనిషి ఉంది. పిల్లలూ ఉన్నారు. పుస్తకం అడగమన్నావు గానీ, ఆ ఊళ్ళో ఎవర్నీ ఏదీ అడిగే మొహం లేదురా అబ్బాయ్" అంది. అంతే. నేను మళ్ళీ అడగమనలేదు.

ఇంకా చాలా ఏళ్ళకి పెద్దమ్మ బందరు ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉంటే చూడబోయాను. కోడలు, "అత్తా, ప్రెస్సాయన వచ్చారే" అంటే కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి, "ఒరే, ఆ పిల్ల ఇంకా కప్పు మీదే ఉందా?" అంది. ఉందన్నాను. "జారిపడుద్దిరా" అంది. ఆవిడకి ఆ ముక్క చెప్పలేకపోవడం నాకు ఈనాటికీ గొంతులో ముల్లే. మొక్కు కూడా తీర్చుకోకుండానే పోయింది, ఎవరి పెళ్ళికి తీర్చాలో తేలక.

మనవరాలి ఫోను వచ్చిన రోజు నేను ఇల్లంతా తిరుగుతూ అరుస్తుంటే, మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. "నా పెళ్ళయిన నాటి నుంచీ వింటున్నాను. ఆవిడ పట్టుకెళ్ళింది పుస్తకమేనా, ఇంకేమన్నానా?" అంది. "పుస్తకమే" అన్నాను. "అయితే వెళ్ళి అడగండి. నేనూ వస్తాను. పుస్తకం కోసమే వెళ్తున్నారో కాదో చూడొద్దూ?" అంది. పోయిన ఆదివారం బస్సెక్కి, చల్లపల్లి మీదుగా మోపిదేవి దాటి వెళ్ళాం. బస్టాండు నుంచి మనవరాలు ఆటోలో తీసుకెళ్ళింది.

చిన్న డాబా ఇల్లు. వసారాలో భర్త ఫొటో, చల్లటి మొహం ఆయనది. టీచరుగారు చేతికర్రతో బయటికొచ్చారు. నన్ను చూసి, "చిలకలపూడిలో ఎక్కేవారు కదండీ" అన్నారు. మా ఆవిడా ఆవిడా అయిదు నిమిషాల్లో వదినా వదినా అనుకుంటూ మోకాళ్ళనొప్పుల్లో పడిపోయారు. కాఫీ ఇచ్చారు. నేను తెచ్చుకున్న కోపం చల్లారిపోతుందేమోనని భయమేసి, కాఫీ పక్కన పెట్టేశాను.

"పిల్లలకి దొర కథ చెప్తున్నారటగా?"

"చెప్తున్నానండీ."

"అది నా కథ."

"మీ కథేనండీ. బందరు పాసింజర్లో ఒకాయన చెప్పేవారు అనే మొదలెడతాను. మీరు ఆగిన చోటల్లా ఆగుతాను."

ఆవిడ లోపలికి వెళ్ళి పాత చీరముక్కలో చుట్టిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. అంచులకి నీటి మరకలున్నాయి. ఉప్పెనప్పుడు అటక మీద ఉందట, ఇల్లు సగం పోయి అటక మిగిలిందట. తెరిచాను. చెదలు తిన్న మొదలు అలాగే ఉంది. చివరికి తిప్పాను. పుటలు అతుక్కునే ఉన్నాయి. నేనిచ్చిన రోజున ఎలా ఉన్నాయో అలాగే, ఒక్క మడతా తెగలేదు.

అప్పుడిక ఆగలేకపోయాను. "ఇన్నేళ్ళు మీ ఇంట్లో బ్లేడు లేదాండీ? మీరు చదివితే చదివారనుకునేవాణ్ణి. నన్ను చదవనివ్వలేదు, మీరూ చదవలేదు. మా పెద్దమ్మ ఆ పిల్ల ఏమైందో తెలీకుండానే పోయింది. ఎందుకు పట్టుకెళ్ళారు? ఎందుకు కొయ్యలేదు?" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ మాత్రం నన్ను వారించలేదు. తనూ ఆ జవాబు కోసమే వచ్చినట్టు ఆవిడ వైపు చూస్తూ కూర్చుంది.

టీచరుగారు పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుని, ఆ అతుక్కున్న అంచుని వేలితో రాస్తూ చెప్పారు:

"మా బావ మంచివాడేనండీ. నన్నేనాడూ ఒక మాట అనలేదు. సంగతి అది కాదు. ఆ శనివారం నేను ఇంటికెళ్ళేసరికి మావాళ్ళు ఖాయం చేసేసుకున్నారు. రాత్రి బ్లేడు చేతిలోకి తీసుకున్నాను. నాకు వేసింది ఒకటే నిచ్చెన. ఇది కోస్తే ఆ పిల్లకీ ఒకటే మిగులుద్ది కదా అనిపించింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లకి రెండూ ఉన్నాయండీ. ఇప్పుడు మీరు కొయ్యమంటే, బ్లేడు తెస్తాను."